ఐదో సిలిండరు చప్పుడు

ఆ చప్పుడు మొదట విన్నది నేనే. ఉదయం ఐదున్నర. బడికి వెళ్ళే ముందు బండి స్టార్టు చేసి, అద్దం మీద దుమ్ము తుడుస్తున్నాను. టిక్, టిక్, టిక్, టిక్. కుట్టుమిషను నెమ్మదిగా నడిచినట్టు. ఇంజన్ కొత్తగా కట్టించి అప్పటికి నాలుగు వందల కిలోమీటర్లయినా తిరగలేదు.

నేనుండేది ఖతార్‌లో, దోహాకు ఉత్తరాన ఉన్న ఉమ్ సలాల్ మొహమ్మద్ అనే ఊళ్ళో. మన డర్బన్ వాళ్ళు ఎవరైనా ఇటు వస్తే బర్జాన్ బురుజులు చూపిస్తాను. పందొమ్మిదో శతాబ్దం చివర కట్టి, 1910లో బాగుచేసిన కావలి బురుజులవి. అవి తప్ప ఊళ్ళో చూపించడానికి నా దగ్గర ఉన్నది ఇన్నాళ్ళూ ఒక్కటే, నా పాత డాట్సన్. చాట్స్‌వర్త్‌లో ఇరవై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెప్పి, ఇక్కడ ఒక బడికి కాంట్రాక్టు మీద వచ్చాను. కాంట్రాక్టు అనే మాట మన ఇళ్ళల్లో ఊరికే పలకరు కదా. ఆ సంగతికి తర్వాత వస్తాను.

బండి డాట్సన్ 240జడ్. 1969 నుంచి 1973 దాకా తయారైన స్పోర్ట్స్ కారు. ముందు పొడుగాటి బానెట్టు, దాని కింద వరసగా ఆరు సిలిండర్లు, 2393 సీసీ, పక్కన రెండు కార్బరేటర్లు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఒకాయన దగ్గర కొన్నాను. ఈ బండి మీద నాకు చిన్నప్పటి నుంచి మోజు. 1973లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచినది ఈ బండే. నడిపినవాడు షేఖర్ మెహతా, యుగాండాలో పుట్టిన మన భారతీయ సంతతి మనిషి. ఆ తర్వాత 1979 నుంచి 1982 దాకా వరసగా మరో నాలుగుసార్లు గెలిచాడు. మా నాన్న డర్బన్‌లో బస్సుల మెకానిక్కు. సెలవుల్లో ఆయనకు పానాలు అందించడం నా పని. మెహతా పేరు ఆయన నోట విన్నట్టు నేను ఏ దేవుడి పేరూ వినలేదు. ఈ మాటకు మా అమ్మ ఇప్పుడు కూడా కోప్పడుతుంది.

కొన్నప్పుడు ఇంజన్ నీలం పొగ వదిలేది, నూనె తాగేది. ఉమ్ సలాల్ వైపే రోడ్డు పక్కన ఒక షెడ్డులో ఇచ్చాను. అక్కడ పనిచేసే కుర్రాడిది జగిత్యాల జిల్లా. వయసు ఇరవై ఆరు. నేను గుడి బడిలో నేర్చుకున్న తెలుగులో "ఈ యంత్రమును పూర్తిగా విప్పవలసి యుండునా?" అని అడిగితే ఒక్క క్షణం నా ముఖం చూసి, నవ్వు ఆపుకొని, "ఇంజన్ ఫుల్లు పని పడ్తది మేడం" అన్నాడు. ఆ రోజు నుంచి నా తెలుగు కొంచెం నేల మీదికి దిగింది.

పనంతా అతను ఒక్కడే చేశాడు. బ్లాకు బోరు కొట్టించడం, క్రాంకు తూపించడం, క్యామ్ షాఫ్టుకు కొత్తగా గ్రైండింగు పెట్టించడం మాత్రం బయట ఒక లేతు షాపులో. దోహా ఇండస్ట్రియల్ ఏరియాను ఇక్కడి మన కూలీలందరూ సనయ్యా అంటారు. ఆ షాపు అక్కడే. మిగిలిన బిగింపు, కొలతలు అన్నీ ఇతనివే. రెండు నెలలు పట్టింది. స్టార్టు చేసిన రోజు నేను ఎగిరి గంతేశాను. ఆ రోజు నేను చేసిన పని ఏమిటో కూడా చెప్పాలి, కొంచెం ఆగండి.

టిక్ టిక్ మొదలయ్యాక బండిని నెమ్మదిగా షెడ్డుకు తీసుకెళ్ళాను. షెడ్డు యజమాని బయటికి వచ్చి, రెండు నిమిషాలు విని, బేరింగు పోయిందని తేల్చేశాడు. కుర్రాడి వైపు చూపించి నాతో ఇంగ్లీషులో అన్నాడు: "మీరేం దిగులు పడకండి, ఖర్చంతా వీడి జీతంలో కోస్తాను." మర్యాదగానే అన్నాడు. నాకు మేలు చేస్తున్నాననుకున్నాడు.

ఇక్కడ 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు వెయ్యి రియాళ్ళు. తిండి, బస యజమాని చూపకపోతే మూడు వందలు, ఐదు వందలు వేరే. ఈ అబ్బాయిది దానికంటే కొంచెం ఎక్కువ, అంతే. క్రాంకు పోయిందంటే ఎన్ని నెలల జీతమో లెక్క వేసుకోండి. మన ముత్తాతలు నాటాల్‌లో దిగినప్పుడు మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, తర్వాత ఏడాదికి ఒక్కో షిల్లింగు పెంపు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరిన నాటి లెక్క అది. మారిషస్ చదువరులకు డబుల్ కట్ గురించి నేను చెప్పక్కర్లేదు. ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. రెండూ ఒకటే అని నేను అనను. ఈ కుర్రాడి దగ్గర ఫోను ఉంది, 2020 తర్వాత పాత యజమాని ఒప్పుకోలు కాగితం లేకుండానే పని మారే హక్కు ఉంది. కానీ "జీతంలో కోస్తాను" అన్న మాట చెవిన పడగానే నా లోపల ఏదో కదిలింది. "ముందు ఏం పోయిందో చూద్దాం. చూడకుండా ఎవరి జీతమూ కోయవద్దు" అన్నాను. యజమాని శుక్రవారం దాకా గడువిచ్చాడు.

ఇంజన్ విప్పకుండా లోపల ఏం చెడిందో కనుక్కోవడం వైద్యుడి పని లాంటిది. విప్పడం తేలికే. కానీ విప్పితే సాక్ష్యం చెదిరిపోతుంది.

మొదట చప్పుడు. కుర్రాడు పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకొని, పిడి చెవికి ఆనించి, మొన ఇంజన్ మీద అక్కడక్కడ పెట్టి విన్నాడు. "గిది బేరింగు సప్పుడు కాదు మేడం. మీదికెల్లి అస్తున్నది" అన్నాడు. నేను నా పద్ధతిలో చూశాను. ఫోనులో చప్పుడు రికార్డు చేసి, నెమ్మదిగా పెట్టి లెక్కపెట్టాను. మూడు సెకన్లలో ఇరవై టిక్కులు. అప్పుడు ఇంజన్ నిమిషానికి ఎనిమిది వందల చుట్లు తిరుగుతోంది, అంటే మూడు సెకన్లకు క్రాంకు నలభై చుట్లు. క్యామ్ షాఫ్టు క్రాంకులో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి ఇరవై చుట్లు. కనెక్టింగు రాడ్డు బేరింగు పోతే క్రాంకు ప్రతి చుట్టుకూ కొట్టాలి, అంటే నలభై. ఇరవై వచ్చిందంటే చప్పుడు క్యామ్ వైపుదే, అదీ ఒక్క చోటుదే. ఈ లెక్క నేను తొమ్మిదో తరగతికి ఇవ్వవచ్చు అనుకున్నాను. తర్వాత ఇచ్చాను కూడా.

ఇంకో పరీక్ష. ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటిగా పీకాడు. బేరింగు చప్పుడైతే ఆ సిలిండరులో మంట ఆగగానే పిస్టను మీద బరువు తగ్గి చప్పుడు మారుతుంది. ఆరు వైర్లకూ చప్పుడు మారలేదు. వేడెక్కాక నూనె ప్రెషర్ కూడా బాగానే ఉంది. బేరింగు పూర్తిగా పోతే ప్రెషర్ అలా నిలబడదు.

యజమాని ఇదంతా చూసి, "మరి కార్బరేటర్‌లో ఆ దగ్గు ఏమిటి?" అన్నాడు. నిజమే. గట్టిగా తొక్కితే కార్బరేటర్లోకి టప్పుమని వెనక్కి పేలుతోంది. కంప్రెషన్ చూశాం. ఒకటి నుంచి ఆరు దాకా 168, 170, 165, 172, 170, 168. అన్నీ దగ్గర దగ్గర. తర్వాత సిలిండరులోకి గాలి పంపి ఎంత కారుతోందో చూశాం. ఎక్కడా పది శాతం దాటలేదు. రింగులు బాగున్నాయి, వాల్వులు బాగా మూసుకుంటున్నాయి, హెడ్డు గ్యాస్కెట్టు బాగుంది. అయినా దగ్గు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన ముడి ఉంది. వాల్వు మూసుకుంటోంది, మరి తెరుచుకుంటోందా? కంప్రెషన్ పరీక్ష మూసుకోవడాన్నే చూస్తుంది. ఎగ్జాస్టు వాల్వు సరిగ్గా తెరుచుకోకపోతే కాలిన వాయువు బయటికి పోలేక సిలిండరులోనే మిగులుతుంది. ఇన్‌లెట్ వాల్వు తెరవగానే ఆ వేడి వాయువు కార్బరేటర్ వైపు ఎగదన్నుతుంది. టప్పు. ఒక్క సిలిండరు సరిగ్గా ఊపిరి వదలకపోతే ఇంజన్ మొత్తం దగ్గుతుంది.

విప్పే ముందు ఒక్క పని మిగిలింది. నూనె ఫిల్టరు తీసి, రేకు కత్తిరించి, లోపలి మడతల కాగితాన్ని తెల్లని పళ్ళెంలో పరిచాం. ఎండలో పెట్టగానే సన్నగా మెరిసింది, బూడిద రంగు పొడి. గుండె జారింది. ఏ లోహమో తెలిస్తే ఎక్కడిదో తెలుస్తుంది. బేరింగు చిప్పలు మెత్తని లోహాలు, వాటి పొడి అయస్కాంతానికి అంటదు. పై పొర అరిగి లోపలిది బయటపడితే రాగి రంగు కనిపిస్తుంది. కుర్రాడు ఒక అయస్కాంతాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పొడి మీద తిప్పాడు. పొడి అంతా లేచి సంచికి అంటుకుంది. ఇనుము. రాగి రంగు ఎక్కడా లేదు.

పై మూత తీశాం. ఈ ఇంజన్‌లో క్యామ్ షాఫ్టు హెడ్డు మీదే ఉంటుంది. పన్నెండు లోబులు, పన్నెండు రాకర్లు. లోబు రాకరు ముఖం మీద రుద్దుకుంటూ తిరుగుతుంది. బాల్ బేరింగు లాంటిది ఏమీ లేదు, ఇనుము మీద ఇనుము, మధ్యలో నూనె పొర. ఆ నూనె సన్నని గొట్టం నుంచి ఒక్కో లోబు మీద చిన్న రంధ్రం ద్వారా పడుతుంది. కుర్రాడు క్రాంకును చేత్తో తిప్పుతూ ఉంటే నేను చూశాను. పదకొండు లోబులు అద్దంలా ఉన్నాయి. ఐదో సిలిండరు ఎగ్జాస్టు లోబు ముక్కు గుండ్రంగా అరిగిపోయింది. కొలిస్తే పక్కదానికంటే సుమారు రెండు మిల్లీమీటర్లు పొట్టి. దాని రాకరు ముఖం మీద వేలు పెడితే గాడి తగిలింది. ఎగ్జాస్టు సందు వేడిలో 0.30 మిల్లీమీటరు ఉండాలి. ఇక్కడ ఫీలరు గేజి చూపింది అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ. అసలు సందు ఇంకా ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే గాడి మీద ఫీలరు వంతెనలా నిలబడుతుంది, అడుగుకు దిగదు. గాడి పడ్డ చోట ఆ గేజిని నమ్మకండి.

చప్పుడు ఎక్కడిదో తెలిసింది. యజమాని అన్నాడు, "సరే, బేరింగు కాదు. కానీ బిగించింది వీడే కదా."

అప్పుడు కుర్రాడు లోపలికి వెళ్ళి ఒక నోటు పుస్తకం తెచ్చాడు. రూళ్ళ పుస్తకం, అట్ట మీద నూనె వేళ్ళు. యజమానికి ఇచ్చాడు. ఆయన తిప్పి చూసి నాకు ఇచ్చాడు. అంతా తెలుగులో ఉంది. ఆ షెడ్డులో తెలుగు చదవగలిగినవాళ్ళం మేమిద్దరమే.

చదువరులారా, శనివారం పొద్దున గుడి వెనక గదిలో గుణింతాలు దిద్దేటప్పుడు, ఈ అక్షరాలు జీవితంలో ఎందుకు పనికొస్తాయని నేను మా పంతులుగారిని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు. నలభై ఏళ్ళ తర్వాత ఒక షెడ్డులో నిలబడి ఆ అక్షరాలు గట్టిగా చదివి ఇంగ్లీషులో చెప్పాల్సి వచ్చింది. కొలతలన్నీ ఉన్నాయి. ఆరు రాడ్డు బేరింగులకూ సందు 0.04 దగ్గర. ఏడు మెయిను బేరింగులు, ఒక్కోదాని కొలత. రింగుల సందులు. స్ప్రే గొట్టం రంధ్రాలు తీగతో గుచ్చి, గాలి కొట్టి, పన్నెండూ పారుతున్నాయని పన్నెండు టిక్కులు. క్యామ్‌కు నల్లని మాలిబ్డినం పేస్టు. తర్వాత ఈ రెండు వాక్యాలు. నేను చదువుతూ ఆగిపోయాను.

"నూనె మేడం తెచ్చిండ్రు. కొత్త బండ్లది, పల్చటిది. దీనికి మంచిది కాదని చెప్పిన."

"స్టార్టు కాంగనె 2000 మీద 20 నిమిషాలు. ఐడిల్ వద్దని చెప్పిన."

నిజం. రెండూ చెప్పాడు. నేను సూపర్ మార్కెట్టులో దొరికిన ఖరీదైన సింథటిక్ నూనె తెచ్చాను. ఖరీదైనది కాబట్టి మంచిదే అనుకున్నాను. ఇప్పటి పెట్రోలు కార్ల పల్చటి నూనెల్లో జింకు, భాస్వరం తగ్గిస్తారు, ఎగ్జాస్టు శుద్ధిచేసే కన్వర్టరు పాడవకుండా. భాస్వరం 0.08 శాతం మించకూడదని ఆ నూనెల ప్రమాణం. మా పాత ఇంజన్ లాంటి రుద్దుకునే క్యామ్‌కు ఆ జింకే కాపలా. లోహం మీద లోహం నొక్కుకున్నప్పుడు అది పలచని పొరగా అడ్డుపడుతుంది.

ఇక ఐడిల్. మొదటిసారి స్టార్టు కాగానే నేను డర్బన్‌లో మా తమ్ముడికి వీడియో కాల్ చేశాను. ఇంజన్ హోరులో మాట వినపడటం లేదని ఐడిల్‌కు దించమన్నాను. కుర్రాడు వద్దన్నాడు. "ఒక్క నిమిషం బాబూ" అన్నాను. తమ్ముడు, మరదలు, పిల్లలు, చివరికి అమ్మ, అందరూ ఒక్కొక్కరుగా చూశారు. పది నిమిషాలు పట్టిందేమో. కొత్త క్యామ్‌కు మొదటి ఇరవై నిమిషాలే ఆయుష్షు నిర్ణయిస్తాయి. తక్కువ వేగంలో పంపు తక్కువ నూనె తోడుతుంది, మధ్య పొర పల్చబడుతుంది, పైగా లోబు ముక్కు మీద స్ప్రింగు నొక్కు అప్పుడే ఎక్కువ. గట్టి పై పొర ఒకసారి గీసుకుపోతే లోపలి మెత్తని ఇనుము ఇక ఆగదు. ఘర్షణ పాఠం ప్రతి ఏడాదీ చెబుతాను నేను.

ఆ రెండు వాక్యాలూ అలాగే అనువాదం చేసి యజమానికి చెప్పాను. "తప్పు నాది, ఖర్చు నాది, ఈ అబ్బాయి జీతం ముట్టుకోవద్దు" అన్నాను. చదవకుండా దాటేయవచ్చు కదా అన్న ఆలోచన నాకు రాలేదని అనను. వచ్చింది. అక్కడ చదవగలిగేది నేనూ, అతనూ. అతను నా ముఖమే చూస్తున్నాడు.

యజమాని భుజాలెగరేసి, "మీ డబ్బు, మీ ఇష్టం" అని లోపలికి పోయాడు. ఆయన పోయాక కుర్రాడు అన్నాడు, "నాది గూడ ఉన్నది మేడం." అదే పేజీ కింద చూపించాడు. ఐదో ఎగ్జాస్టు రాకరు పాతది పగిలి ఉంటే, వేరే పాత ఇంజన్‌లోది వేశాడు. నీలం రంగు పూసి తిప్పి చూస్తే లోబు రుద్దుకునే ముద్ర మిగతా వాటిలా నడిమధ్యలో కాక అంచుకు పడింది. క్యామ్‌ను గ్రైండు చేశాక ఎత్తు తగ్గుతుంది కాబట్టి వాల్వు మీద మందమైన ప్యాడు వేసి ఆ ముద్రను మధ్యకు తేవాలి. తగిన ప్యాడు దొరక్క, "కొంచెం అంచుకు. నడుస్తది" అని రాసుకొని వదిలేశాడు. పన్నెండింటికీ అదే నూనె, అదే ఐడిల్. పోయింది ఆ ఒక్కటే. నా వంతు ఎంత, అతని వంతు ఎంత అని మేము తూచలేదు. యజమానికి ఆ వాక్యం నేను చదివి వినిపించలేదు. అది తప్పంటే తప్పే.

పని ఇంకా ఉంది. ఇనుప పొడి ఫిల్టరులో ఆగింది సరే, అంతా ఆగిందా? నూనె చల్లగా చిక్కగా ఉన్నప్పుడు ఫిల్టరు పక్కదారి వాల్వు తెరుచుకొని వడకట్టని నూనె లోపలికి పోతుంది. పంపు అయితే ఫిల్టరుకు ముందే ఉంటుంది, దానికి రక్షణే లేదు. కొత్త క్యామ్ వేసి మూత పెట్టేసి ఉంటే నెల తిరక్కుండా నిజంగానే బేరింగు చప్పుడు వచ్చేది. చాలా చోట్ల అలాగే చేస్తారని కుర్రాడు చెప్పాడు. చాంబరు విప్పాం. రెండో, ఐదో రాడ్డు క్యాపులు తీశాం. చిప్పల మీద వెంట్రుకల్లాంటి గీతలు, మెత్తని లోహంలో దిగబడ్డ చుక్కలు. క్రాంకు మీద గోరు పెట్టి లాగితే ఎక్కడా ఆగలేదు. క్రాంకు బతికింది. చిప్పలన్నీ మార్చాం, పంపు విప్పి చూసి మార్చాం, బ్లాకులో నూనె దారుల మూతలు తీసి, పొడుగాటి బ్రష్షుతో కిరోసిన్ పోసి తోమి, గాలి కొట్టాం. రెండు శుక్రవారాలు పట్టింది. నేను బ్రష్షు పట్టాను. మా నాన్న బతికి ఉంటే ఇంకా బాగా తోమమనేవాడు.

క్యామ్, పన్నెండు రాకర్లు కలిపి కొత్తవి తెప్పించాను. కొత్త క్యామ్ మీద పాత రాకరు పెడితే మళ్ళీ అదే కథ. మూడు మందాల ప్యాడ్లు తెప్పించి, పన్నెండింటికీ నీలం పూసి, ముద్ర మధ్యకు వచ్చేదాకా మార్చాడు. ఐదో ఎగ్జాస్టుకు నాలుగుసార్లు విప్పాడు. నూనె ఈసారి అతను చెప్పిందే, జింకు ఎక్కువున్న చిక్కటిది. పంపు షాఫ్టును డ్రిల్లుతో తిప్పి, స్ప్రే గొట్టం పన్నెండు రంధ్రాల్లోనూ నూనె కారేదాకా చూశాం.

స్టార్టు కాగానే అతని కాలు యాక్సిలరేటరు మీదే. రెండు వేలు, రెండు వేల మూడు వందలు, మళ్ళీ రెండు వేలు. నా ఫోను సంచిలో మోగుతూనే ఉంది, తమ్ముడే. తీయలేదు. ఇరవై నిమిషాలకు ఆపి, వేడి నూనె దించి, ఫిల్టరు కోశాం. పళ్ళెంలో పేస్టు తాలూకు నల్లదనం ఉంది. అయస్కాంతానికి నలుసంత అంటింది, అంతే. కొత్త లోహాలు ఒకదానితో ఒకటి కుదురుకునేటప్పుడు ఆ మాత్రం వస్తుందట.

యాభై కిలోమీటర్లకు మళ్ళీ కోశాం, ఏమీ అంటలేదు. ఐదు వందలకు ఇంకోసారి కోయాలి. ఇప్పటికి నాలుగు వందల ముప్ఫై తిరిగాను, పాత మార్కెట్టు దాకా, సముద్రం దాకా. నోటు పుస్తకంలో ఈసారి తేదీ, కిలోమీటర్లు నేనే రాస్తున్నాను. నా "ఱ" చూసి ఆ అక్షరం ఇప్పుడెవరూ రాయరని అతనన్నాడు. మా పంతులుగారు నేర్పింది అదే కాబట్టి నేను అలాగే రాస్తున్నాను.